తుపాకి మీది పేరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నయాగరా గురించి ఇదివరకే ముగ్గురు చెప్పారు కనుక నేను ఒక తుపాకి గురించి చెబుతాను. కంగారు పడకండి, అది పేలి నూరేళ్ళు దాటింది.

మా అమ్మాయి వాళ్ళుండేది పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ దగ్గర. పక్కింటాయన జర్మన్ సంతతివారు, నాకంటే రెండేళ్ళు పెద్ద. వారింట్లో తాతల నాటి లాంగ్ రైఫిల్ ఒకటుంది. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చింది. లోకం దీన్ని కెంటకీ రైఫిల్ అంటుంది గానీ దీని పుట్టిల్లు పెన్సిల్వేనియాయే. 18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండుల నుంచి వచ్చిన పనివారు తమ దేశపు పొట్టి వేట తుపాకిని ఇక్కడ సాగదీశారు. ఎనిమిది పలకల ఇనుప గొట్టం, లోపల గుండును తిప్పే మెలి తిరిగిన గాడులు, చారలు తేలిన మేపుల్ కొయ్య. కొయ్యకు పక్కన ఇత్తడి మూత వేసిన చిన్న అర. గుండుకు చుట్టే జిడ్డు గుడ్డముక్కలు అందులో పెట్టుకునేవారు.

"దీన్ని చేసిందెవరో చెప్పండి చూద్దాం" అన్నారాయన. కళ్ళజోడు సవరించుకుని చూశాను. చెకుముకి రాయి బిగించే లాకు మీద 'కెట్లాండ్' అని స్పష్టంగా ఉంది. అదే చెప్పాను, రికార్డు రూములో పనిచేసిన ధీమాతో. ఆయన నవ్వారు. కెట్లాండ్ వారు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వారట. వారి లాకులు ఓడల్లో వచ్చేవి, ఇక్కడివారు కొని బిగించుకునేవారు. ఫైలు అట్ట మీద ప్రెస్సు పేరు చూసి, లోపలి నోటు రాసింది ప్రెస్సువాడే అన్నట్టయింది నా తీర్పు!

చేసినవాడి పేరు ఉంటే గొట్టం పైపలక మీద ఉండాలి. చాలావాటికి అసలు ఉండదు. దీనికీ లేదు. అయినా ఇంటిల్లిపాదీ దీన్ని డికర్ట్ తుపాకి అనే అంటూ వచ్చారు. జేకబ్ డికర్ట్ 1740లో జర్మనీలో పుట్టి, లాంకాస్టర్‌లో తుపాకులు చేసి పేరు మోసి, 1822లో పోయినవాడు. ఆయనదే అయితే ధర వేరు.

పాత తుపాకులు తెలిసిన ఒకరిని పిలిపించారు. ఆయన పేరు కోసం వెతకనే లేదు. భుజానికి ఆనే కొయ్య వంపు చూశారు. లాంకాస్టర్ వైపు అది తిన్నగా సాగుతుందట, ఉత్తరాన లీహై వైపు కిందికి వంగుతుందట. ఇత్తడి మూత చివరి పువ్వు చూశారు. మేకులు లాగి గొట్టం అడుగు చూశారు. చెంప ఆనే చోట చెక్కిన తీగల దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. చెక్కడం చేతిరాత లాంటిదట. "ఊరు లాంకాస్టరే, కాలం 1800 ప్రాంతం, చెయ్యి డికర్ట్‌ది కాదు" అని తేల్చారు.

పక్కింటాయన ముఖం చూడలేకపోయాను. మర్నాడు ఇద్దరం కౌంటీ పాత పన్ను జాబితాలు చూడబోయాం. వాటిలో మనిషి పేరు పక్కన వృత్తి కూడా రాసేవారు. నాకు ప్రాణం లేచొచ్చింది! వారి ముత్తాత ముత్తాత ఆస్తి జాబితాలో 'రైఫిల్ ఒకటి' అని దొరికింది. ఎవరు చేశారన్నది లేదు.

ఆ నిపుణుడే ఇంకో సంగతి చెప్పారు. క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసిన రైఫిలు వ్యాలీ ఫోర్జ్‌లో 1971లో దొంగల పాలై, 2018లో దొరికింది. అమ్మకంలో కొన్న వ్యాపారి మొదట నకలే అనుకున్నాడట. పేరున్న అసలుకే అంత అనుమానం!

ఇంతలో కొడుకు ఒక మాట తెచ్చాడు. గొట్టం మీద 'జె. డికర్ట్' అని చెక్కించి పాతబరచి ఇచ్చేవారు ఉన్నారట. పెద్దాయన నావైపు చూశారు. నేను నా సర్వీసు సంగతి ఒకటి చెప్పాను. ఒక గుమస్తా సర్వీసు రిజిస్టరులో పుట్టిన సంవత్సరం 3ను 8గా దిద్దుకున్నాడు. ఇంకు కలిసిపోయింది గానీ కాగితం గరుకు మిగిలింది. పట్టుకున్నది నేనే. ముగ్గురు పిల్లల తండ్రి. ఇప్పటికీ కొన్ని రాత్రులు గుర్తొస్తాడు. మళ్ళీ ఆ కాగితం నా ముందుకొస్తే ఏం చేస్తానన్నదానికి మాత్రం నాకు రెండో జవాబు లేదు.

ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం ఒక చీటీ రాసిపెట్టమన్నారు, నా చేతిరాత బాగుంటుందని. "లాంకాస్టర్ పద్ధతి. 1800 ప్రాంతం. లాకు ఇంగ్లండుది. చేసినవారు తెలియదు." తేదీ వేసి ఆయన సంతకం చేశారు. మనుమరాలి కోసమని ఆ చీటీ మడిచి ఇత్తడి మూత కింద పెట్టారు.

కొడుకు మాత్రం ఆ ఆదివారం భోజనానికి రాలేదు.