కంప్యూటరు దస్తరమునకు కావలి



భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభింపబడెను. నాటినుండి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎరిగిన సంగతి యొకటి కలదు. రైలుపట్టాను పైమెరుపు జూచి పంపరు. లోపలి పగుళ్లను గూడ పరీక్షించి పంపుదురు. నేడు కార్యాలయపు దస్తరములును, ఇంటి పింఛను కాగితములును కంప్యూటరులోనికి చేరినవి. వానిని కాపాడు ఆపరేటింగ్ సిస్టమును ఎంచుకొనుటలో ఆపాటి పరీక్ష జరుగుచున్నదా?

ఉపేక్షకు ఫలమెట్టిదో 2017 మే నెలలో తెలిసివచ్చెను. వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటిని గూడ పట్టుకొనెను. ఫైళ్లకు తాళమువేసి సొమ్ము కోరుట దాని పని. అది విండోస్‌లోని లోపమును ఆశ్రయించినది. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ లోపమునకు సవరణను మార్చి నెలలోనే విడుదల చేసియుండెను. కావున పేరు మార్చినంతమాత్రమున రక్షణ కలుగదు. ఏ సిస్టమునకైనను సవరణలు ఎన్ని సంవత్సరములు వచ్చును, వానిని వేయు మనుష్యుడు గలడా యనునది మొదటి ప్రశ్న.

1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్, పలువురు ఒకే యంత్రమును వాడుకొనుటకై పెరిగినది. అందు ప్రతి ఫైలునకు యజమాని, బృందము, ఇతరులు అను మూడు తరగతులు. చదువుట, వ్రాయుట, నడుపుట అను మూడు అధికారములు. సర్వాధికారియగు రూట్ పేరిట నిత్యకృత్యములు చేయుట, రికార్డు గది తాళపుచెవిని వరండాలో వ్రేలాడదీయుటయే. యంత్రమే దొంగిలింపబడినచో ఈ అధికారములు పనికిరావు. డిస్కునంతటిని రహస్యలిపిలో నుంచుటయే అప్పటికి శరణ్యము.

రెండవ ప్రశ్న ఫైల్ సిస్టమును గూర్చినది. లినక్సులో విరివిగా వాడబడు ఎక్స్‌ట్ 4, తన పట్టికలలోని మార్పును ముందుగా చిట్టాలో వ్రాసికొనును. నడుమ కరెంటు పోయినను పట్టిక చెడదు. చివరి క్షణపు వ్రాత మాత్రము పోవచ్చును. జెడ్‌ఎఫ్‌ఎస్ అను మరియొకటి ప్రతి ఖండమునకు సరిచూపు సంఖ్యను కట్టి, చదివినప్పుడెల్ల పరీక్షించును. రెండవ ప్రతి యున్నచో చెడినదానిని బాగుచేయును. ఫ్రీబీఎస్‌డీలో ఇది సిస్టముతోనే వచ్చును. లినక్సు కెర్నెలులో లైసెన్సు చిక్కువలన చేరలేదు, వేరుగా అమర్చుకొనవలెను.

మన దేశమున సీడాక్ సంస్థ డెబియన్ ఆధారముగ బాస్ అను లినక్సును రూపొందించెను. 2015లో కేంద్ర ప్రభుత్వము ఓపెన్ సోర్సునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించెను. మూలము పరీక్షకు తెరచియుండుట గొప్ప మేలు. అయినను పరీక్షించువాడు లేనిచో ఆ మేలు సగమే.

ఇంటికిని చిన్న కార్యాలయమునకును చిరకాలము సవరణలు లభించు లినక్సు, ఎక్స్‌ట్ 4 చాలును. చిరకాలము భద్రపరుపవలసిన రికార్డులకు జెడ్‌ఎఫ్‌ఎస్ మేలు. రెంటికిని వేరొక చోట నకలు తప్పదు. ఆ నకలును ఏడాదికొకసారియైనను తెరచి చూడవలెను. విశ్రాంత ఉద్యోగి సర్వీసు పుస్తకము తెరచుకొననినాడు, ఏ సిస్టము గొప్పదను వాదము వాని యింట అన్నము పెట్టదు గదా!