లైన్ క్లియర్ కాగితం నుంచి కంప్యూటర్‌కి: రైతులు ఏం అడగాలి?

(సంఘం జిల్లా శిక్షణ తరగతుల్లో ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్లకు పైగా సబ్‌స్టేషన్లలో, లైన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. మాకు మూడెకరాల పొలం, ఒక బోరు ఉన్నాయి. కరెంటు తీసినవాణ్నీ నేనే, కరెంటు ఎప్పుడొస్తుందా అని గట్టు మీద కూర్చున్నవాణ్నీ నేనే. అందుకే ఈ విషయం మాట్లాడమని నన్ను పిలిచారనుకుంటా.

లైను మీద పని ఉన్నప్పుడు ఎక్కడ కరెంటు తీయాలి, ఏ స్విచ్ ముందు తెరవాలి, ఏది తర్వాత, తిరిగి ఏ వరసలో ఇవ్వాలి అని ముందే రాసుకునే పద్ధతిని స్విచింగ్ ప్లాన్ అంటారు. ఇన్నాళ్లూ అది ఆపరేటర్ తలకాయలో, లైన్‌మన్ అనుభవంలో, ఒక రిజిస్టర్‌లో ఉండేది. ఇప్పుడది సాఫ్ట్‌వేర్‌లోకి వస్తోంది. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. అందులో తప్పు జరిగితే స్తంభం మీద పోయేది మన ఊరి పిల్లవాడి ప్రాణం. అందులో మన పొలాల లెక్క లేకపోతే ఎండేది మన పైరు.

ఒక పాత సంగతి

నా సర్వీసు మొదట్లో జరిగింది చెబుతాను. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. ఒకే దారిలో రెండు 11 కేవీ ఫీడర్లు పోయేవి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మొదటి ఫీడర్ మీద ఉండేది. లోడు ఎక్కువైందని నెల ముందు జంపర్లు మార్చి దాన్ని రెండో ఫీడర్ మీదికి తెచ్చారు. సబ్‌స్టేషన్ గోడ మీది బొమ్మలో మాత్రం మార్చలేదు. నెల తర్వాత ఆ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పనిపడింది. మొదటి ఫీడర్‌కి ఎల్‌సీ అడిగారు. ఆపరేటర్ బొమ్మ చూసి, మొదటి ఫీడర్ బ్రేకర్ తీసి, రిజిస్టర్‌లో టైము రాసి, ఎల్‌సీ ఇచ్చాడు. దినకూలీకి వచ్చే కుర్రాడు పైకెక్కాడు. రైతు కొడుకే. టెస్ట్ చేయలేదు, ఎర్త్ వేయలేదు. రెండో ఫీడర్‌లో కరెంటు ఉంది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పోయింది.

తర్వాత విచారణకు వచ్చినవాళ్లు రిజిస్టర్ చూశారు. రిజిస్టర్‌లో తప్పు లేదు. అడిగిన ఫీడర్‌కే ఎల్‌సీ ఇచ్చారు, టైము సరిగ్గా రాశారు, సంతకాలున్నాయి. తప్పంతా బొమ్మలో ఉంది. బొమ్మకు సంతకం ఉండదు కదా!

ఇలాంటివి పాత రోజుల కథలు మాత్రమే కావు. దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారని నేర గణాంకాల నివేదికలే చెబుతున్నాయి. అందులో ఫ్యూజు వేయబోయిన రైతులు, తెగిపడ్డ తీగ తొక్కిన కూలీలు, స్తంభం ఎక్కిన కాంట్రాక్టు కార్మికులు ఎందరో ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటి?

ముందు దానికి నెట్‌వర్క్ బొమ్మ ఎక్కించాలి. ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడర్, ఏ స్తంభం దగ్గర ఏబీ స్విచ్, దాని కింద ఏ ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని సర్వీసులు. ఏ స్విచ్ ఈ క్షణంలో తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నది కూడా అందులో ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఫీడర్ మధ్యలో స్తంభం విరిగింది. దానికి అటొక ఏబీ స్విచ్, ఇటొకటి ఉన్నాయి. చివరన పక్క ఫీడర్‌తో కలిపే స్విచ్ ఒకటి ఉంది, మామూలుగా తెరిచే ఉంటుంది. పాత పద్ధతిలో అయితే ఫీడర్ మొత్తం ఆపేసి సాయంత్రం దాకా పని చేసేవాళ్లం. ప్లాన్ ఉంటే ఇలా చేయొచ్చు. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీయాలి. స్తంభానికి రెండువైపులా ఏబీ స్విచ్‌లు తెరిచి తాళాలు వేయాలి. బ్రేకర్ మళ్లీ వేస్తే సబ్‌స్టేషన్ వైపు పొలాలకు కరెంటు వచ్చేస్తుంది. తర్వాత పక్క ఫీడర్‌ను కాసేపు ఆపి, చివరి స్విచ్ కలిపి, మళ్లీ ఇస్తే తోక భాగానికీ వస్తుంది. మధ్యలో ఉన్న నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లకే పని అయ్యేదాకా ఉండదు.

ప్రతిసారీ బ్రేకర్ తీయడం ఎందుకని మీరడగొచ్చు. మన ఊళ్లలోని ఏబీ స్విచ్ లోడు మీద తీయడానికి చేసింది కాదు. లోడు మీద లాగితే నిప్పులు లేచి స్విచ్ కాలుతుంది, కింద నిలబడ్డవాడూ కాలతాడు. వరస తప్పితే అంత ప్రమాదం. ఆపరేటర్ వరస తప్పు రాసుకుంటే సాఫ్ట్‌వేర్ అక్కడే ఆపాలి. ఎర్త్ వేసి ఉన్న లైన్‌కి కరెంటు ఇవ్వబోతే కూడా ఆపాలి. మనుషులు పనిచేస్తున్న స్విచ్ మీద తెరపై ట్యాగు పెడితే, ఎల్‌సీ తీసుకున్నవాళ్లు వాపసు ఇచ్చేదాకా ఆ ట్యాగు తీయడం ఎవరి తరమూ కాకూడదు.

ఇంకో రెండు లెక్కలు అది చూడాలి. మొదటిది, పక్క ఫీడర్ ఈ అదనపు భారం మోయగలదా అన్నది. మోయలేకపోతే వోల్టేజీ పడిపోయి రెండు ఫీడర్ల రైతుల మోటార్లూ కాలతాయి. రెండోది ఫేజుల వరస. పక్క ఫీడర్‌లో ఫేజుల వరస తేడాగా ఉంటే మోటారు తిరగబడి తిరుగుతుంది, నీళ్లు ఎత్తదు. లైను పని తర్వాత మోటారు ఉల్టా తిరిగితే మెకానిక్‌ను పిలిచి డబ్బులిచ్చిన రైతులు ఈ హాల్లోనే ఉండి ఉంటారు.

మోటార్లన్నీ ఒకేసారి

తిరిగి కరెంటు ఇచ్చే ఘడియ చాలా ముఖ్యం. ఐదు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్టయ్యే క్షణంలో దానికి ఆరు రెట్లు దాకా లాగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మనకిచ్చేది సుమారు 135 ఆంపియర్లు. దాని కింద పదిహేను మోటార్లున్నాయనుకోండి. నడిచేటప్పుడు 112 ఆంపియర్లు, బాగానే ఉంది. అన్నిటికీ ఆటో స్టార్టర్లుంటే, కరెంటు రాగానే ఒక్కసారి 675 ఆంపియర్లు లాగుతాయి. ఫ్యూజులు పోతాయి, ఫీడర్ ట్రిప్పవుతుంది, మూడు నాలుగుసార్లు అలా అయితే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగే పోతుంది.

ఆటో స్టార్టర్ పెట్టినందుకు రైతును తిట్టడం తేలిక. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రాత్రి రెండింటికి పాముల మధ్య పొలానికి వెళ్లలేక పెట్టుకున్నాడు. టైము ముందే తెలిస్తే దాని అవసరం తగ్గుతుంది. ఉంచుకునేవాళ్లు ఆలస్యంగా స్టార్టయ్యే టైమర్ పెట్టుకుని, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు తలా ఒక నిమిషం తేడాతో సెట్ చేసుకోవచ్చు. మన సంఘం శాఖలు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు. దీనికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు.

కరెంటు రెండువైపుల నుంచి వస్తే

మా కాలంలో ఒక నమ్మకం ఉండేది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీస్తే లైను చచ్చినట్టే అని. ఇప్పుడది చెల్లదు. రైస్ మిల్లు జనరేటర్‌కు ఛేంజ్ ఓవర్ స్విచ్ సరిగ్గా లేకపోతే దాని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కి, పైన 11 కేవీగా మారుతుంది. ఇంటి మీద సోలార్ పలకలు వచ్చాయి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద పొలాల దగ్గరే సోలార్ ప్లాంట్లు పెట్టి ఫీడర్లకు కలుపుతున్నారు. గ్రిడ్ పోతే సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలన్నది నియమం. లైన్ మీదికెక్కే మనిషి మాత్రం ఆ నియమాన్ని నమ్ముకోకూడదు. కంప్యూటర్ బొమ్మలో ప్రతి సోలార్ ప్లాంటూ, ప్రతి పెద్ద జనరేటరూ ఉండాలి, ప్లాన్‌లో దాన్ని విడదీసే మెట్టూ ఉండాలి.

బొమ్మ ఎంత బాగున్నా ఐదు మెట్లు మాత్రం చేతులతోనే చేయాలి. కరెంటు తీయడం. మళ్లీ ఎవరూ వేయకుండా తాళం వేయడం. టెస్టర్‌తో లేదని చూసుకోవడం. పనిచేసే చోటుకు రెండువైపులా ఎర్త్ వేయడం. పక్కనున్న లైవ్ లైన్‌కు అడ్డు పెట్టడం. నేను చెప్పిన ఆ కుర్రాడి విషయంలో మూడో మెట్టు ఒక్కటి చేసినా చెయ్యి దక్కేది. సాఫ్ట్‌వేర్ వచ్చిందని లైన్‌మన్ పోస్టులు తగ్గిస్తామంటే, ఎర్త్ రాడ్లు కొనం అంటే మనం ఒప్పుకోకూడదు. తెర మీద ఎన్ని బొమ్మలున్నా స్తంభం ఎక్కేది మనిషే.

పట్నాలకు ముందు, పల్లెలకు ఎప్పుడో

2008లో కేంద్రం తెచ్చిన ఆర్‌ఏపీడీఆర్‌పీ పథకంలో ముప్పై వేల జనాభా దాటిన పట్టణాలకు కంప్యూటర్ వ్యవస్థలు పెట్టారు. దూరం నుంచి స్విచ్‌లు నడిపే స్కాడా నాలుగు లక్షల జనాభా దాటిన నగరాలకే ఇచ్చారు. 2021లో మూడు లక్షల కోట్లకు పైగా అంచనాతో వచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కూడా స్కాడాను పట్టణ ప్రాంతాలన్నిటికీ, పంపిణీ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను వంద నగరాలకూ అంది. వ్యవసాయ ఫీడర్ల వరకూ వస్తే విడదీయడం, మీటర్లు, సోలార్ గురించే మాట. పనిచేసేవాడి ప్రాణం కాపాడే లైన్ క్లియర్ లెక్క పల్లెకు ఎందుకు ఆలస్యం కావాలి? లైన్లు పొడుగ్గా ఉన్నది ఇక్కడ. స్విచ్‌లు తుప్పుపట్టింది ఇక్కడ. ఒక మనిషి ఐదారు ఊళ్లు చూసుకునేదీ ఇక్కడే.

దీనికి ప్రతి స్తంభానికీ మోటారు స్విచ్‌లు అక్కర్లేదు. బొమ్మ నిజంగా ఉండాలి. ఆపరేటర్ దగ్గర ఒక కంప్యూటర్, లైన్‌మన్ చేతిలో ఒక ఫోను ఉండాలి. మిగతాది క్రమశిక్షణ.

మనం అడగాల్సినవి

ఒకటి. ఫీడర్ బొమ్మను ఏడాదికోసారి ఊళ్లో తిరిగి సరిచూడాలి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఫీడర్ మీదుందో దాని దిమ్మె మీద పెయింట్‌తో రాయాలి. జంపర్ మార్చిన రోజే బొమ్మ మార్చాలి. సర్వేకు మన శాఖ నుంచి ఒక మనిషిని తోడు పంపుదాం.

రెండు. ముందే అనుకున్న కోతలు ఏ రోజు, ఎంతసేపు, ఏ ట్రాన్స్‌ఫార్మర్లకు అన్నది రైతు ఫోనుకు ముందు రోజే రావాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఈఆర్‌సీ 2004లో పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం ఇలాంటి కోత ఒక దఫాలో 12 గంటలు మించకూడదు, సాయంత్రం 6 గంటల లోపు కరెంటు తిరిగి ఇవ్వాలి. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని కూడా అందులోనే ఉంది.

మూడు. కోత ఎప్పుడు పెట్టాలో తేల్చే లెక్కలో పైరు దశ ఉండాలి. సాఫ్ట్‌వేర్ సర్వీసుల సంఖ్య లెక్కపెడుతుంది. పట్నంలో వెయ్యి ఇళ్లు, ఇక్కడ అరవై బోర్లు అంటే దానికి ఎప్పుడూ మనమే తక్కువగా కనిపిస్తాం. మొక్కజొన్న పూత మీదున్నప్పుడు ఒక తడి తప్పితే ఏమవుతుందో దానికి ఎవరైనా చెప్పాలి. పనులు వేసవి దున్నకాల్లో, తడుల మధ్య పెట్టుకునేలా మండల స్థాయిలో రైతులను అడిగి క్యాలెండర్ తయారుచేయాలి.

నాలుగు. లైన్ చివర్లో పక్క ఫీడర్‌తో కలిపే స్విచ్ లేని చోట్ల పెట్టించాలి. కొత్త సబ్‌స్టేషన్ ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఐదు. ఎవరు ఎప్పుడు ఏ స్విచ్ తీశారు, ఎప్పుడు వేశారు అన్నది సాఫ్ట్‌వేర్ సెకన్లతో సహా రాసిపెడుతుంది. ఆ రికార్డును చెరపకుండా భద్రపరచాలి. ప్రమాదం జరిగినప్పుడు 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద విచారణ ఉంటుంది. బాధిత కుటుంబానికి ఆ రికార్డు నకలు ఇవ్వాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది. ఆనాడు మా కుర్రాడి తండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు ఆయన చేతిలో ఒక్క కాగితం లేదు.

మన వైపు నుంచి కూడా రెండు మాటలు ఇవ్వాలి. ఏబీ స్విచ్ మనం ముట్టుకోకూడదు. ఫ్యూజు పోయిందని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కకూడదు. లైన్‌మన్ రాలేదు, నారు ఎండుతోంది, పక్క ఊరి ఫలానా ఆయన ఎన్నోసార్లు వేశాడు అనిపిస్తుంది. ఆ ఫలానా ఆయన మన కోసం ఎక్కుతున్నప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఫీడర్ మీదుందో ఆయనకూ తెలియదు. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ నంబర్లన్నీ శాఖ కార్యదర్శి దగ్గర ఒక పుస్తకంలో చేరితే, రేపు డీఈ దగ్గరికి వెళ్లినప్పుడు మన దగ్గరా ఒక రికార్డు ఉంటుంది.

మీ ఊరికి వెళ్లాక ఒక పని చేయండి. మీ బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఏ ఫీడర్ మీదుందో లైన్‌మన్‌ను అడగండి. తర్వాత సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఆపరేటర్‌నూ అదే అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెప్పకపోతే అదే రోజు ఏఈ గారికి కాగితం పెట్టి, నకలు సంఘం ఆఫీసుకు పంపండి.