ద్వీపంలో ధ్రువపు ఎలుగుబంటి: ఊహను పరీక్షించడం ఎలా?



శాస్త్రీయ పద్ధతి అనగానే పాఠ్యపుస్తకాలు పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అని నాలుగు మెట్లు చూపిస్తాయి. పరీక్షలో మార్కులకు అవి సరిపోతాయి. కానీ ఒకే విషయం మీద పది పరికల్పనలు ఉన్నప్పుడు వాటిలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్న అసలు ప్రశ్నకు ఆ నాలుగు మాటల్లో జవాబు దొరకదు. అందుకే ఈ పాఠంలో ప్రయోగశాలను కాసేపు పక్కనబెట్టి ఒక టెలివిజన్ ధారావాహికను తీసుకుంటున్నాను. దాని ప్రేక్షకులు ఆరేళ్లపాటు చేసిన పని పరికల్పనలు అల్లడమే.

ఆ ధారావాహిక పేరు 'లాస్ట్'. అమెరికాలో ఏబీసీ ఛానల్ దీన్ని 2004 సెప్టెంబరు 22 నుంచి 2010 మే 23 వరకు ఆరు సీజన్లుగా ప్రసారం చేసింది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న ఓషియానిక్ 815 అనే విమానం పసిఫిక్ మహాసముద్రంలోని ఒక ద్వీపం మీద విరిగి పడుతుంది. బతికినవాళ్లు సాయం కోసం ఎదురుచూస్తారు. ఎవరూ రారు. అడవిలో కంటికి కనిపించనిదేదో చెట్లను కూలుస్తూ తిరుగుతుంటుంది. పదహారేళ్లుగా ఒకే సందేశాన్ని ఫ్రెంచి భాషలో మళ్లీ మళ్లీ వినిపిస్తున్న రేడియో సంకేతం ఒకటి అందుతుంది. వేడి ద్వీపంలో ధ్రువపు ఎలుగుబంటి ఎదురవుతుంది. మీలో కొందరు దీన్ని చూసే ఉంటారు. ఇకముందు చూడాలనుకునేవారికి ముందే చెబుతున్నాను, ఈ పాఠంలో కథలోని గుట్టు కొంత బయటపడుతుంది.

వారానికి ఒక భాగం వచ్చేది. మిగతా ఆరు రోజులూ ప్రేక్షకులు తర్కించుకునేవారు. వాళ్ల శ్రద్ధను చిన్నచూపు చూడకండి. 2006లో వచ్చిన ఒక భాగంలో జాన్ లాక్ అనే పాత్రకు, ఇనుప తలుపు మీద గీసిన ఒక పటం అతినీలలోహిత కాంతిలో కొన్ని సెకన్లపాటు మాత్రమే కనిపిస్తుంది. అభిమానులు ఆ దృశ్యాన్ని ఆపి, పెద్దది చేసి, లాటిన్ మాటలతో సహా అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసుకున్నారు. ఒకరు తప్పు చదివితే మరొకరు దిద్దారు. శిలాశాసనాలు చదివే పండితులు చేసేదీ ఇదే. పరిశీలన వరకు వీళ్లకు వంక పెట్టలేం. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

ఎలుగుబంటి సంగతే చూడండి. విమానంలో వాల్ట్ అనే పదేళ్ల పిల్లవాడు ఉంటాడు. వాడి చేతిలోని బొమ్మల పుస్తకంలో ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. అంతే, పిల్లవాడు మనసులో తలచుకున్నదల్లా ద్వీపంలో నిజమవుతోందని ఒక ఊహ పుట్టింది. ఎవరో ఆ జంతువులను ప్రయోగాల కోసం తెచ్చిపెట్టారని మరో ఊహ. రెండూ ఎలుగుబంటిని వివరిస్తాయి. మరి దేన్ని నమ్మాలి? "ఏది బాగా వివరిస్తుంది?" అని అడిగితే తేలదు. "ఇదే నిజమైతే ఇంకా ఏమేం కనిపించాలి?" అని అడగాలి. ఎవరో తెచ్చారన్నది నిజమైతే బోనులు ఉండాలి, మేత పెట్టే ఏర్పాటు ఉండాలి, తెచ్చినవాళ్ల ఆనవాళ్లు ఉండాలి. 2006లో మొదలైన మూడో సీజన్‌లో ఆ బోనులు కనిపించాయి.

మన దేశంలో ఇలాంటి ఎలుగుబంటి ఒకటి నిజంగానే దొరికింది. ఒడిశాలోని తాల్చేరు పరిసరాలు ఎండాకాలంలో ఎలా ఉంటాయో అక్కడివారిని అడిగితే చెబుతారు. 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడ ఒక వింత పొరను గమనించారు. మెత్తటి మట్టి గట్టిపడి ఏర్పడిన రాయిలో పెద్దపెద్ద బండలు ఇరుక్కుని ఉన్నాయి. నదులు రాళ్లను పరిమాణాన్ని బట్టి వేరుచేస్తాయి. ఒండ్రుమట్టి ఒకచోట, గులకరాళ్లు ఒకచోట. ఇక్కడ అంతా కలగాపులగం. ఇలా పడేయగలిగేది మంచు మాత్రమేనని వారు ఊహించారు. తాల్చేరులో మంచా! ఎంత సాహసమైన ఊహో ఆలోచించండి. కానీ ఆ ఊహ ఒక పని అప్పగించింది. మంచు జరిగి ఉంటే కింది రాతిపై ఒరుసుకున్న గీతలు ఉండాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర ఇరై వద్ద, మన ఆదిలాబాద్ వైపు పారే పెన్‌గంగ పేరు పెట్టుకున్న సున్నపురాతి మీద, అలాంటి గీతలు దొరికాయి. గోదావరి లోయలో బొగ్గు పొరల అడుగున కూడా ఈ తాల్చేరు పొరలే ఉన్నాయి. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేదని ఇప్పుడు మనకు తెలుసు. 1912లో ఖండాలు కదిలాయని ఆల్ఫ్రెడ్ వెగనర్ ప్రతిపాదించినప్పుడు, వాటిని కదిలించే బలం ఏదో సరిగా చూపలేకపోయాడని భౌతిక శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. 1960లలో సముద్రగర్భం నుంచి కొత్త ఆధారాలు వచ్చాకగాని ఆ వివాదం సద్దుమణగలేదు.

ఇక 'లాస్ట్' అభిమానుల్లో అన్నింటికంటే పేరుపొందిన ఊహకు వద్దాం. విమానంలో అందరూ చనిపోయారు, ఆ ద్వీపం చనిపోయినవారి ఆత్మలు శుద్ధి పొందే చోటు అని. కథోలిక క్రైస్తవులు దీన్ని ఉత్తరించు స్థలం అంటారు. రచయితలు మొదట్లోనే కాదన్నారు. అయినా ఊహ చావలేదు. రెండో సీజన్ చివరి భాగంలో, ఎక్కడో మంచు ప్రదేశంలో కూర్చున్న ఇద్దరు మనుషులు ద్వీపం నుంచి వచ్చిన విద్యుదయస్కాంత సంకేతాన్ని పరికరంలో పట్టుకుని ఒక మహిళకు ఫోన్ చేస్తారు. అంటే ద్వీపానికీ మామూలు లోకానికీ సంబంధం ఉందన్నమాట. ఊహ అక్కడితో కూలిపోవాలి. కానీ, "వాళ్లూ చనిపోయినవాళ్లే" అన్నారు కొందరు. ఎవరైనా తప్పించుకుంటే అది భ్రమ. ఎవరైనా గర్భవతి అయితే అది పరీక్ష. ఏం జరిగినా ఊహకు దెబ్బ తగలదు.

ఇది బలంలా కనిపించే బలహీనత. ఆస్ట్రియాలో పుట్టిన తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1934లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్నే తేల్చి చెప్పాడు. ఫలానాది జరిగితే నేను తప్పు అని ముందే చెప్పగలిగేదే శాస్త్రీయ సిద్ధాంతం. ఏదీ కాదనలేని సిద్ధాంతం దేన్నీ చెప్పనట్లే. మీ ఊరి జ్యోతిషం దగ్గర్నుంచి క్రికెట్ వ్యాఖ్యానం దాకా ఈ గీటురాయి మీద రుద్ది చూడండి. కాస్త కాలక్షేపం కూడా అవుతుంది.

ఇప్పుడు ఈ ధారావాహికలో నాకు అన్నింటికంటే నచ్చిన సమస్య. నేలమాళిగలో ఒక కంప్యూటర్ ఉంటుంది. ప్రతి 108 నిమిషాలకూ 4, 8, 15, 16, 23, 42 అనే అంకెలు కొట్టి మీట నొక్కాలి. నొక్కకపోతే ఏదో ఘోరం జరుగుతుందట. డెస్మండ్ అనే మనిషి మూడేళ్లు ఈ పని చేశాడు. రోజుకు 1,440 నిమిషాలు కదా, అంటే రోజుకు 13 సార్లకు పైన. మూడేళ్లకు దాదాపు 14,600 సార్లు. రాత్రి నిద్ర కూడా ముక్కలుముక్కలే. మీట నొక్కడం వల్లే ఘోరం ఆగుతోందా? లేక అసలు ఏ ఘోరమూ లేదా? ప్రతిసారీ నొక్కుతూ ఉంటే ఈ ప్రశ్నకు జవాబు ఎన్నటికీ తెలియదు. నొక్కకుండా చూద్దామంటే, నిజంగా ఘోరమే ఉంటే తెలుసుకున్నవాడు మిగలడు. అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. పాత్రలూ చీలిపోయాయి. ఇదంతా ఒక మనస్తత్వ పరీక్ష మాత్రమేనని సూచించే మరో గది దొరికాక లాక్‌కు మీట మీద నమ్మకం పోయింది.

ప్రయోగం చేయలేని చోట శాస్త్రజ్ఞుడు ఏం చేస్తాడు? ప్రకృతి తనంతట తాను చేసిన ప్రయోగం కోసం వెతుకుతాడు. సూర్యుడి వెలుగును మనం ఆర్పలేం. కానీ గ్రహణం ఆర్పుతుంది. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దూరదర్శినితో కాచుకుని కూర్చున్నది అందుకే. సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలను ఆయన చూశాడు. భూమ్మీద ఇంకా ఎవరూ ఎరుగని హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది.

డెస్మండ్ కూడా అదే పని చేశాడు. ఒకే ఒక్కసారి, తన తోటివాడితో గొడవపడి తిరిగి వచ్చేసరికి ఆలస్యమై, మీట వేళకు నొక్కలేకపోయాడు. రెండో గదిలో దొరికిన ముద్రిత చిట్టా ఇప్పుడు అతని చేతికి వచ్చింది. మీ విమానం ఏ రోజున కూలింది అని లాక్‌ను అడుగుతాడు. సెప్టెంబరు 22. చిట్టాలో వ్యవస్థ విఫలమైనట్లు నమోదైన తేదీ కూడా అదే, 2004 సెప్టెంబరు 22. మీట నిజమైనదే. విమానం కూలింది తనవల్లే. వేల సార్లలో ఒక్కసారి తప్పింది, ఆ ఒక్కనాడే అది జరిగింది. పైగా చిట్టా రాసింది డెస్మండ్ కాదు, యంత్రం. ఏ వాదనా గెలిపించాలని అది రాయలేదు.

"మాష్టారూ, ఇదీ కాకతాళీయమే కావచ్చుగా?" అని మీరు అడగాలి. అడగకపోతే నాకు నిరాశే. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే కాకే పండును రాల్చిందనుకోవడం మన పూర్వులకు బాగా తెలిసిన తప్పు. దీనికి జవాబు ఆ అంకెల్లోనే ఉంది.

ఆ ఆరింటినీ కూడండి. 108 వస్తుంది. అభిమానులు పండగ చేసుకున్నారు. ద్వీపంలో పరిశోధనలు జరిపిన సంస్థ పేరు 'ధర్మా ఇనిషియేటివ్'; దాని శిక్షణ చిత్రాల్లో పలకరింపు 'నమస్తే'. జపమాలలో పూసలు 108. కావాలంటే నేనూ మరికొన్ని చేరుస్తాను. 1961లో గగారిన్ అంతరిక్షయానం 108 నిమిషాలని చెబుతారు. సూర్యుడు మనకు ఉన్న దూరం సూర్యుడి వ్యాసానికి 108 రెట్లంటారు. లెక్కవేస్తే సుమారు 107.5. ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది, ఆ అమెరికా ధారావాహికలో 108 నిమిషాల మాట అదే ఏడాది అక్టోబరులో వినిపించింది! వెతుకుతూ పోతే అంతే ఉండదు. ఎందుకంటే ఇక్కడ ప్రశ్న ముందు లేదు. దొరికినదాన్ని పట్టుకుని, దానికి సరిపడే ప్రశ్న తర్వాత తయారవుతోంది. డెస్మండ్ ముందు తేదీ అడిగాడు, తర్వాత చిట్టా చూశాడు. అదే ఆ రెండింటికీ తేడా.

ఈ అంకెలతోనే కథలో హర్లీ అనే పాత్ర లాటరీ గెలుస్తాడు. అది చూసి అమెరికాలో వేలమంది నిజం లాటరీలో అవే అంకెలు రాయసాగారు. 2011 జనవరి 4న మెగా మిలియన్స్ లాటరీలో 4, 8, 15, 25, 47, విడిగా తీసే మెగా బంతి 42 వచ్చాయి. హర్లీ అంకెల్లో నాలుగు కలిశాయి! అలా రాసినవారిలో చాలామందికి తలా 150 డాలర్లు దక్కాయి. అద్భుతమేనా? అప్పట్లో 56 అంకెల్లోంచి 5, వేరుగా 46లోంచి 1 తీసేవారు. ఐదింటిలో మూడూ, మెగా బంతీ కలిసే సంభావ్యత 13,781కి ఒకటి. అంకెలు తెరమీదికి వచ్చిన 2005 మార్చి నుంచి వారానికి రెండు చొప్పున దాదాపు 600 డ్రాలు జరిగాయి. ఇన్నాళ్లూ ఇదే పద్ధతి అనుకుంటే, ఏదో ఒకరోజు ఇలా జరిగే అవకాశం సుమారు 23కి ఒకటి. అరుదే గాని అద్భుతం కాదు. 23 కూడా హర్లీ అంకే కదా అంటారేమో! నేను 600 అని గుండ్రంగా వేసుకున్నాను కాబట్టి 23 వచ్చింది. 570 వేసి ఉంటే 24 వచ్చేది. ఇంకో మాట. ఆరుకు ఆరూ కలిసినా ఆ బహుమతిని వేలమంది పంచుకోవాలి. అందరికీ నచ్చిన అంకెలు వేసుకోవడం లాటరీలో అన్నిటికంటే నష్టం బేరం.

ఒక విషయంలో మాత్రం అభిమానుల మీద జాలి కలుగుతుంది. వాళ్లు పరిశోధించిన లోకానికి రచయితలు ఉన్నారు. వాల్ట్‌కు ఏవో ప్రత్యేక శక్తులున్నాయని మొదటి సీజన్ గట్టిగా సూచించింది. కానీ కథలో రెండు నెలలు గడిచేసరికి బయట రెండేళ్లు గడిచాయి, ఆ పాత్ర వేసిన బాలుడు పొడుగయ్యాడు. పాత్ర పక్కకు తప్పుకుంది. అంకెల సంగతీ అంతే. 2006లో ధారావాహికతోపాటు నడిపిన ఒక అనుబంధ ఆటలో, మానవజాతి ఎప్పుడు అంతరిస్తుందో లెక్కగట్టే సమీకరణంలోని విలువలని చెప్పారు. చివరి సీజన్‌లో, ద్వీపాన్ని కాపాడేందుకు ఎంపికైన అభ్యర్థుల వరుస సంఖ్యలని చూపారు. ఒక ప్రశ్నకు రెండు జవాబులు! తాల్చేరు బండరాళ్లు మన అభిప్రాయాలు విని తమ కథ మార్చుకోవు. ఆ సౌకర్యం భూగర్భ శాస్త్రానికి ఉంది.

చివరి భాగంలో ఒక పాత్ర, ద్వీపంలో జరిగిందంతా నిజమేనని సూటిగానే చెబుతుంది. అయినా "చూశారా, అందరూ మొదటే చనిపోయారు" అని చాలామంది వాదించారు. వారికి దొరికిన ఆధారం ఇది: పేర్లు పడుతున్నప్పుడు తెరమీద సముద్రతీరం, విమాన శకలాలు కనిపించాయి. మనుషులెవరూ లేరు. ఎవరూ బతకలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ దృశ్యాలు కథలో భాగం కావు. భావోద్వేగంతో ముగిసిన కథ నుంచి వెంటనే వార్తల్లోకి దూకకుండా కాస్త వ్యవధి కోసం ఛానలే వాటిని చేర్చిందని తర్వాత ఏబీసీ ప్రకటించింది. తాల్చేరులో బండను చూసినవారు మొదట అడిగిన ప్రశ్న, దీన్ని ఇక్కడికి తెచ్చిందెవరు అని. ఆ తీరం బొమ్మల దగ్గర అడగవలసిందీ అదే.

వచ్చే పాఠానికి మీకో పని. ఏ ధారావాహిక గురించైనా, ఏ వార్త గురించైనా మీరు గట్టిగా నమ్మే ఊహ ఒకటి కాగితం మీద రాయండి. దాని కింద, ఏది కనిపిస్తే ఆ ఊహను వదిలేస్తారో ఒక్క వాక్యంలో రాయండి. తేదీ వేసి మడిచి, మీతో ఏకీభవించని స్నేహితుడి దగ్గర దాచిపెట్టండి.