గురువు చెంత లేని సాధన: అభ్యాస పట్టికను ఎంచుకొనుట

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో నేను పరీక్షాఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు మాటలాడుట వాడుక. ఆ లెక్కలన్నియు అచ్చయి మీ చేతులకు వచ్చియున్నవి. కనుక నేడు వానిని విడిచి, మీలో కొందరు నన్ను ఒంటరిగా అడుగుచున్న వేరొక విషయమును చెప్పదలచితిని.

ఈ రెండుమూడేండ్లుగా తెల్లవారుజామున పెన్నాగరము రోడ్డుమీద పరుగెత్తు తండ్రులను, సైకిలు త్రొక్కు తల్లులను చూచుచున్నాను. సంతోషమే. వారిలో ఒకరిద్దరు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈత, సైకిలు, పరుగు మూడింటిని ఒకే దినమున ఒకదానివెంట నొకటిగా ముగించు ట్రయాథ్లాన్ పందెమునకు, అందులోను దూరపు పందెమునకు, పూనుకొనుచున్నారు. నెలనెల జీతమిచ్చి శిక్షకుని పెట్టుకొను స్తోమత అందరికి నుండదు. కాబట్టి పుస్తకమునందో ఫోనునందో దొరకిన ఇరువది, ముప్పది వారముల అభ్యాస పట్టికను చేతబట్టుకొని, తమకు తామే గురువులై సాధన చేయవలసి వచ్చును. ఏకలవ్యుని ఎదుట మట్టిబొమ్మయైన నుండెను. వీరి యెదుట గళ్లు గీసిన కాగితము మాత్రమే యుండును. అట్టి కాగితములలో దేనిని నమ్మవలెను? ఇదియే ప్రశ్న.

నాకు చిన్ననాడు బావిలో నేర్చిన ఈత తప్ప వేరు ఈత రాదు. నా సైకిలు బడికి వచ్చి పోవుటకే పనికివచ్చును. అయినను ముప్పదియేండ్లుగా నేను చేయుచున్న పని టైంటేబులు వేయుట. చూచుటకు అందముగా నుండి, నడపబోయినప్పుడు జూలై నెలలోనే కూలిపోవు టైంటేబులు ఎట్లుండునో నాకు తెలియును. ఆ చనువుతోనే మాటలాడుచున్నాను.

ఈ పందెము పుట్టుక కొంచెము చెప్పవలెను. 1978 ఫిబ్రవరి 18వ తేదీన హవాయి దీవులలోని ఒవాహు దీవియందు, జాన్ కాలిన్స్ అను నౌకాదళ అధికారియు ఆయన భార్య జూడీయు, అంతకుముందే అచ్చట వేరువేరుగా జరుగుచున్న మూడు పందెములను ఒకటిగా కూర్చిరి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు. పదునేనుగురు దిగిరి, పన్నిద్దరు ముగించిరి. గోర్డన్ హాలర్ అనునతడు 11 గంటల 46 నిమిషముల 58 సెకనులలో మొదటివాడుగా వచ్చెను. రెండవవాడైన జాన్ డన్‌బార్ దారిలో చాలదూరము ముందుండినను, అతని సహాయకుల యొద్ద నీరు అయిపోగా, వారు బీరు అందించిరట. అతడు వెనుకబడెను. నీటికి లెక్క వేయని పట్టిక ఎట్టిదో ఆనాడే తెలిసినది.

180 కిలోమీటర్లనగా మన ఊరినుండి సేలము పోయి, తిరిగి వచ్చి, ఆగక కృష్ణగిరి చేరునంత దూరము. దీనిలో సగము గల పందెము కలదు: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మైళ్లలో కూడినచో 70.3 యగును, పేరును అదియే. 2019 అక్టోబరు 20న గోవాలో మన దేశమున మొదటిసారిగా ఈ పందెము జరిగినది. సైకిలు భాగమొక్కటే మనము హొగెనకల్లునకు పోయి వచ్చినంత. మనవారు తలపెట్టుచున్నది ఎక్కువగా ఈ సగపు పందెమునే.

దూరమును చూచి భయపడవలదు. గోలి శ్యామల అను తెలుగు సోదరి నడివయస్సున ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకకును మన తీరమునకును నడుమనున్న పాక్ జలసంధిని పదమూడు గంటలకు పైగా ఈది దాటినది. నిజామాబాదు ప్రాంతపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లైనను నిండకముందే, ఎవరెస్టు శిఖరమును ఎక్కినది. కాని ఆమె ఎక్కిన మెట్లను చూడుడు: ముందు భువనగిరి గుట్ట, పిదప డార్జిలింగు, ఆపైన లడాఖ్ చలి, ఆ తరువాతనే ఎవరెస్టు. మెట్టుమెట్టున ప్రక్కన గురువులుండిరి. గురువు లేనివాడు ఆ మెట్లను కాగితము మీదనే వెదకుకొనవలెను.

ఇక అసలు సంగతి. మన పాఠశాలలో చదివి, కృష్ణగిరిలో ఒక కార్యాలయమున ఉద్యోగము చేయుచు, దినము బస్సులో పోయివచ్చు పూర్వవిద్యార్థి యొకడు కలడు. పేరు చెప్పను. అతని కుమార్తె నేడు మన ఐదవ తరగతిలో నున్నది. అతడు ఈ పందెమునకు పూనుకొని, ఒక జగజ్జేత పేరు పెట్టిన పట్టికను ఎంచుకొనెను. వారమునకు పదునారు గంటల సాధన. ఏడవ వారమున ముంగాలి ఎముకలో నొప్పి పుట్టెను. అది ఆగస్టు మాసము. నేను స్వాతంత్ర్య దినోత్సవ సభలో అతనిని పిల్లలకు చూపి, కుంటుచు కూడ పరుగు మానని పట్టుదల చూడుడని పొగడితిని. చప్పట్లు మ్రోగినవి.

మరి పదునైదు దినములకు వైద్యుడు చిత్రము తీయించి, ఎముకలో బీట పడినదని చెప్పెను. ఆరు వారములు పరుగు నిషేధము. నేను చూడబోగా అతడు తల వంచుకొని, "అయ్యవారూ, మీరు జెండా క్రింద నిలిచి నా పేరు చెప్పినారు. ఆ తరువాత మానితే నలుగురు ఏమనుకొందురోయని నొప్పిమాత్ర మింగి పరుగెత్తినాను" అనెను. అతని భార్యయు నా శిష్యురాలే. ఆమె కాఫీ తెచ్చి పెట్టి, నెమ్మదిగా, "అయ్యవారూ, ఆరు నెలలుగా మా ఇంట్లో ఆదివారము లేదు" అనినది. ఆ రెండు మాటలకు నాయొద్ద జవాబు లేకపోయినది. తప్పు పట్టికది కొంత, నాది కొంత. అందుచేతనే ఈ సభలో ఈ ప్రసంగము.

కాలు నయమైన పిమ్మట మేమిద్దరము పాఠశాల కార్యాలయపు బల్లమీద మూడు పట్టికలను పరచుకొని కూర్చుంటిమి. మొట్టమొదట నేను చేసినది గంటలు లెక్కించుట. వారమునకు 168 గంటలు. అందులో నిద్ర 52, కార్యాలయము 54, బస్సు 15, స్నానభోజనములు, అంగడి, ఇంటిపనులు 25. మిగిలినది 22. పాత పట్టిక ఇందులో 16 మింగినది. భార్యకు, కూతురికి, ముసలితల్లికి కలిపి ఆరు గంటలు! పైగా ఈత కొలనుకు పోవుటకు, సైకిలు గాలి కొట్టుటకు, తడిబట్టలు ఆరవేయుటకు పట్టు కాలము ఏ పట్టికలోను వ్రాయరు. మన టైంటేబులులో ఒక తరగతినుండి మరియొక తరగతికి నడచు నిమిషములను మరచినట్లే యిది. ఈ లెక్క చూచి అతడు చాలసేపు మాటలాడలేదు. తుదకు ఎనిమిది గంటలతో మొదలై, అన్నిటికంటె బరువైన వారమున పదకొండు గంటలు దాటని పట్టికనే చూచితిమి. డాన్ ఫింక్ అను అమెరికా శిక్షకుడు 2004లో ప్రకటించిన గ్రంథమునందు ముప్పది వారముల పట్టికలే మూడు తరములుగా నున్నవి: పోటీ పడువారికొకటి, నడిమివారికొకటి, ముగించిన చాలుననువారికొకటి. మూడవది తక్కువదని సిగ్గుపడువాడు మొదటిది తీసికొని నడుమ విడుచును. 

రెండవది, పట్టికలోని మొదటి వారమును చదువుట. అందరు కడపటి వారములను చూచి మురియుదురు. నేను మొదటి వారమునే చూడుమందును. మొదటి ఆదివారముననే రెండు గంటల పరుగు వ్రాసియున్నచో, ఆ పట్టిక అప్పటికే రెండు గంటలు పరుగెత్తువాని కొరకు వ్రాయబడినది. మూడవ తరగతి పిల్లవానికి ఎనిమిదవ తరగతి వాచకమిచ్చి, బాగుగా చదువుమని దీవించిన నేమి లాభము? గడచిన నెలలో తాను నిజముగా చేసినదెంతో, అంతకు సమానముగానో కొంచెము తక్కువగానో ఆరంభమగు పట్టిక కావలెను.

ఎముక సంగతి కూడ చెప్పవలెను, ఏలయన మా వాడు దెబ్బతిన్నది అచ్చటనే. ఊపిరియు గుండెయు కొలది వారములలోనే సాధనకు లొంగును. ఎముకకును నరమును బోలిన కండరపు పగ్గములకును నెలలు కావలెను. బరువు పడిన ఎముకను శరీరము ముందు కొంత తొలచి, పిదప క్రొత్త ఎముకతో నింపును. నింపకమునుపే మరల బరువు మోపినచో బీట పడును. "ఆయాసము లేదు కదా, ఇంకను పరుగెత్తగలను" అని మనిషి యనుకొనుచుండగా లోపల ఎముక వెనుకబడి యుండును. అందుచేత మూడు వారములు పెంచి నాలుగవ వారము తగ్గించు పట్టికను వెదకవలెను. విశ్రాంతి దినము గడిలో ఖాళీగా విడువక, "విశ్రాంతి" యని అక్షరములతో వ్రాసినది మరియు మేలు. ఖాళీ గడిని చూచిన మనవాడు ఊరకుండడు, ఏదో నింపును.

వేగము విషయము. స్టీఫెన్ సైలర్ అను శాస్త్రజ్ఞుడు, ప్రపంచ ప్రసిద్ధులైన దూరపు క్రీడాకారుల సాధనను పరిశీలించి, నూటికి ఎనుబది వంతుల పూటలు వారు తేలికగానే చేయుదురని చూపెను. మనవారు దీనిని నమ్మరు. ప్రతి ఉదయము చచ్చి బ్రతికినగాని సాధన కాదని వీరి భావము. తేలిక యనగా నెంతో తెలియుటకు ఖరీదైన చేతిగడియారము అక్కరలేదు. పరుగెత్తుచు ఒక వేమన పద్యమును ఊపిరి తెగకుండ అప్పగింపగలిగినచో తేలిక. రెండవ పాదమున తడబడినచో ఎక్కువ. కిలోమీటరును ఇన్ని నిమిషములలోనే చేరవలెనని శాసించు పట్టికలు చల్లని దేశములలో వ్రాసినవి. గోవా పందెము అక్టోబరు చివరలో నున్నచో, ముప్పది వారములు వెనుకకు లెక్కింపగా మన సాధన మార్చి నెలాఖరున మొదలగును. ఏప్రిల్, మే నెలల ధర్మపురి ఎండలో అదే వేగమునకు గుండె ఎక్కువ కొట్టుకొనును. కనుక వేగమును గాక శ్రమను బట్టి చెప్పు పట్టికయే మనకు పనికివచ్చును. మార్చి, ఏప్రిల్ నెలలు పరీక్షల కాలమనియు మరువవలదు.

నీటి విషయమున నేను కఠినుడను. ఈతకు చోటు, ప్రక్కన ఈత వచ్చిన మనిషి, ఈ రెండును చూచుకొనకమునుపు ఏ పట్టికయు ముట్టవలదు. హొగెనకల్లు కావేరిలో సాధన చేయుదునని ఒకరు నాతో ననిరి. ఆ రాళ్ల నడుమ సుడులు ఎందరి బిడ్డలను మింగినవో మనకు తెలియనిదా? సైకిలునకు తొప్పూరు కనుమ, జాతీయ రహదారి వలదు. ఎదుటను వెనుకను దీపములు లేక చీకటిలో బయలుదేరవలదు. నలుబది దాటినవారు ముందు వైద్యునికి గుండె చూపించుకొనవలెను. రొమ్ములో నొప్పియో, జ్వరమో ఉన్న దినమున పట్టిక చెల్లదు.

తిండి సంగతికి పట్టికలో గడి లేకపోయినచో మీరే గీయుడు. పందెపు దినమున తినదలచినది సాధన దినములలోనే తిని చూడవలెను. రాగి సంకటి ముందు రాత్రికి; దారిలో అరటిపండు, బెల్లము, ఉప్పు కలిపిన మజ్జిగ ఎవరికి ఏది పడునో వారే కనుగొందురు. ఉప్పు లేక వట్టి నీటినే అతిగా త్రాగుటయు అపాయమే.

జ్వరముచేతనో పెండ్లిచేతనో నాలుగు దినములు తప్పినచో ఏమి చేయవలెనో చెప్పని పట్టిక అరకొర పట్టిక. తప్పినవన్నియు ఆదివారమున కుప్పవేయుట తగదు. వానలకు బడి మూసినప్పుడు పోయిన పాఠములన్నింటిని ఒక్క శనివారమున చెప్పిన ఘనత నాకును గలదు. పిల్లల ముఖములు నేటికిని జ్ఞాపకము.

ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పండ్రెండేండ్ల కుమారునికి ఈ పట్టిక మొదలుపెట్టవచ్చునా యని ఒక తండ్రి అడిగిరి. కూడదు. ఈ దూరపు పందెమునకు పదునెనిమిదేండ్లు నిండనివారిని చేర్చుకొనరు. పెరుగుచున్న ఎముకకు అంత భారము తగదు.

మా వాడు ఇప్పుడు క్రొత్త పట్టికలో ఇరువదవ వారమున నున్నాడు. ఇది తగ్గింపు వారము. ఆదివారపు గడిలో అతని భార్య తన చేతివ్రాతతో ఒక పేరు వ్రాసినది, కుమార్తె పేరు. నేడు వారు ముగ్గురును వెనుక వరుసలో కూర్చుండియున్నారు. ఈసారి లేచి నిలువుమని నేను పిలువను.

ఇట్టి పట్టికలు గలవారు ఏ శనివారమైనను నాలుగు గంటల తరువాత నా కార్యాలయమునకు తెండు. కలిసి గంటలు లెక్కింతము. ఒంటరిగా రావలదు, ఇంటివారిని కూడ వెంటబెట్టుకొని రండు.