రాసేవాళ్లు వాకిటి గుండా రావాలి

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నాకిచ్చిన విషయం విని కొందరికి నవ్వొచ్చి ఉంటుంది. ఆఫ్రికాలో అచ్చయ్యే సోషల్ వర్క్ పరిశోధన పత్రికకు వ్యాసం ఎట్లా తయారుచెయ్యాలి అన్నది విషయం. కూలి రేట్ల గురించి, శ్మశానం జాగా గురించి మాట్లాడుకునే మనకు ఆఫ్రికా పత్రికతో ఏం పని అంటారా? పని ఉంది. మన పిల్లలు ఎం.ఎస్.డబ్ల్యు. చదువుతున్నారు, పరిశోధనలు చేస్తున్నారు. ప్రశ్నల కాయితాలు పట్టుకుని గూడేలకు వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. రాసేవాళ్లకూ, ఎవరి గురించి రాస్తారో వాళ్లకూ మధ్య ఆఫ్రికాలో పెద్ద తగవు నడిచింది. ఆ తగవులోంచి కొన్ని పద్ధతులు పుట్టాయి. అవి మనం తెలుసుకోదగ్గవి.

డర్బన్ పేరు మీరు విన్నదే. 2001లో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ అక్కడే జరిగింది. మన దేశం నుంచి దళిత సంఘాలవాళ్లు పోయి కులం సంగతి ప్రపంచం ముందు పెట్టారు. కానీ మన మనుషులు ఆ రేవులో దిగడం అది మొదటిసారి కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి పోయి 342 మందిని అక్కడ దింపింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా అట్లా పోయారు. తెలుగు జిల్లాలవాళ్లూ వాళ్లలో ఉన్నారు. చాలామంది చెరుకు తోటల్లో ఒప్పందపు కూలీలయ్యారు. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక నెంబరు వేశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు, అన్నీ పుస్తకాల్లో రాశారు. ఊరెందుకు విడిచారు, అప్పెంత ఉంది, ఇంటి దగ్గర ఎవరు ఏడుస్తున్నారు, ఇవి మాత్రం రాయలేదు. ఎందుకు రాస్తారు? కలం పట్టినవాడికి ఏది కావాలో అదే రాస్తాడు.

ఇప్పుడు అదే దేశంలో సోషల్ వర్క్ అనే చదువు ఎట్లా మొదలైందో చూడండి.

1929లో అమెరికాలోని కార్నెగీ సంస్థ డబ్బుతో దక్షిణాఫ్రికాలో పేదరికం మీద పెద్ద పరిశోధన పెట్టారు. 1932లో అయిదు సంపుటాల నివేదిక వచ్చింది. ఎవరి పేదరికం మీద? తెల్లవాళ్ల పేదరికం మీద! దాదాపు 3 లక్షల మంది తెల్లవాళ్లు కటిక పేదలని తేల్చారు. ఆ దేశంలో అత్యధికులు నల్లవాళ్లు. 1913 భూచట్టం వాళ్లకు దేశం నేలలో 7 శాతం మాత్రమే మిగిల్చింది. మరి పేదరికం ఎక్కడుంది? అది కళ్లెదుటే ఉంది. కానీ పరిశోధనకు పెట్టిన ప్రశ్నలోనే వాళ్లకు చోటు లేదు. ప్రశ్నలో లేనివాళ్లు జవాబులోకి ఎక్కణ్ణుంచి వస్తారు?

అది అక్కడితో ఆగలేదు. 1934లో కింబర్లీ పట్టణంలో తెల్ల పేదల సమస్య మీద మహాసభ జరిగింది. 1937లో సాంఘిక సంక్షేమ శాఖ పుట్టింది. ఆ మహాసభలో ముందుండి నడిపినవాళ్లలో ఒకడు వెర్వూర్డ్. అప్పుడాయన స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీకీ, సోషల్ వర్క్‌కీ ప్రొఫెసరు. 1958లో ప్రధానమంత్రి అయ్యాడు. అపార్థైడ్‌కు, అంటే నల్లవాళ్లను వేరుపెట్టే పాలనకు, పెద్ద మేస్త్రీ ఆయనే. చూశారా! సేవ చదువు చెప్పిన చెయ్యే జనాన్ని విడగొట్టే చట్టాలకూ సంతకం పెట్టింది. అందుకే చెబుతున్నా, పరిశోధన అంటే అమాయకమైన పని కాదు. ఎవర్ని లెక్కపెట్టాలన్నది తేల్చడమే సగం తీర్పు.

నల్లవాళ్లకు సోషల్ వర్క్ నేర్పే మొదటి బడి, యాన్ హాఫ్‌మైర్ స్కూలు, జొహానెస్‌బర్గులో 1941లో గాని రాలేదు. విన్నీ మండేలా అక్కడే చదివి బరాగ్వనాథ్ ఆసుపత్రిలో సోషల్ వర్కరుగా చేరింది. నల్లవాళ్ల పేదరికం మీద పూర్తిస్థాయి కార్నెగీ విచారణ కావాలంటే 1982 దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి నివేదికకూ దీనికీ మధ్య యాభై ఏళ్లు! 1984లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో దాని సభ జరిగితే సుమారు 300 వ్యాసాలు వచ్చాయి. ఈసారి ప్రశ్న మారింది, జవాబూ మారింది.

ఇక వ్యాసం తయారీకి వస్తాను. ఆఫ్రికాలో ఈ చదువుకు సొంత పత్రికలున్నాయి. స్టెలెన్‌బాష్ నుంచే 1965లో మొదలైన పత్రిక ఒకటుంది. జింబాబ్వేలో హరారే సోషల్ వర్క్ స్కూలు 1986లో ఒక పత్రిక పెట్టింది. అక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం ఆఫ్రికన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ నడుపుతోంది. ఎక్కడో లండన్‌లో, న్యూయార్క్‌లో అచ్చయితే హరారేలో పనిచేసే సోషల్ వర్కరుకు అది అందదు. కొనాలంటే జీతం చాలదు. ఆ ఇబ్బంది తీర్చడానికే 1998లో ఆఫ్రికన్ జర్నల్స్ ఆన్‌లైన్ మొదలైంది. ఎవరి గురించి రాశామో వాళ్ల మధ్య పనిచేసేవాళ్లు చదవాలి. పత్రికను ఎంచుకోవడంలో మొదటి లెక్క ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జింబాబ్వే పల్లెలో ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని నాయనమ్మలు, అమ్మమ్మలు పెంచుతున్నారు. వాళ్ల మీద వ్యాసం రాయాలి అనుకుందాం.

మొదటిది అనుమతి. విశ్వవిద్యాలయం నీతి కమిటీ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. ఆ మాట వ్యాసంలో రాయాలి. అక్కడి పల్లెలో ఊరిపెద్దను షోనా భాషలో సభుకు అంటారు. పుస్తకం ఉన్నవాడని అర్థం. తెల్లదొరల కాలంలో పన్నుల పుస్తకం ఆయన చేతిలో ఉండేది. ఆయన్ని అడగాలి, తప్పదు. కానీ పెద్దమనిషి సరేనంటే ముసలమ్మ సరేనన్నట్టు కాదు. ఆమెను విడిగా, ఆమె భాషలో అడగాలి. వద్దనే హక్కు ఆమెకుంది. సగంలో లేచిపోయే హక్కూ ఉంది. లేచిపోయినందుకు రేషను ఆగదని నమ్మకం కలగాలి. వేలిముద్ర వేయించుకోవడం వేరు, ఒప్పించడం వేరు.

రెండోది, ఇదివరకు ఎవరేం రాశారో చెప్పే భాగం. ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. ఇంగ్లండు పుస్తకాలు నాలుగు తిరగేసి, ఈ పల్లెలో ఆదుకునే ఏర్పాటే లేదని రాసేస్తారు. లేదా? షోనా పల్లెల్లో జుండే రా మాంబో అని పాత పద్ధతి ఉంది. ముఖ్యుడి పేరున ఉన్న పొలాన్ని ఊరంతా కలిసి సాగుచేసి, పండిన గింజల్ని గాదెలో పోసి, కరువులో విధవలకూ అనాథలకూ ఇస్తారు. పట్టణాల్లో చావు ఖర్చులకు జనం నడుపుకునే సంఘాలున్నాయి. దక్షిణాఫ్రికాలో స్టాక్‌వెల్ అని ఉంది, అచ్చం మన చీటీపాట లాంటిది. ఇవి తెలియకుండా ఆఫ్రికా పత్రికకు వ్యాసం పంపితే, సరిచూసేవాళ్లు తిప్పి పంపుతారు. పంపాలి కూడా. 2014లో మెల్‌బోర్న్‌లో ప్రపంచ సోషల్ వర్క్ సంఘాలు ఒప్పుకున్న నిర్వచనంలో స్థానిక ప్రజల జ్ఞానాన్నీ ఈ చదువుకు పునాదుల్లో ఒకటిగా చేర్చారు. అట్లాగని పాతదంతా బంగారం అని రాయకూడదు. గాదెలో గింజలు నిజంగా ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్నది అడగాలి.

మూడోది పద్ధతి. ఎంతమందితో మాట్లాడారు, వాళ్లను ఎట్లా ఎంచుకున్నారు, ఏ భాషలో అడిగారు, ఇంగ్లీషులోకి ఎవరు మార్చారు, ఇవన్నీ దాచకుండా చెప్పాలి. పదకొండు మందితో మాట్లాడి దేశంలో ముసలమ్మలంతా ఇంతే అని రాయకూడదు. తక్కువమంది అయితే తక్కువమందనే చెప్పాలి. దాంతో వ్యాసం విలువ పడిపోదు, నమ్మకం పెరుగుతుంది.

నాలుగోది, తేలిన విషయాలు. ముసలమ్మ మాటను ముసలమ్మ మాటగానే పెట్టాలి. రాసేవాళ్ల అభిప్రాయం దాని పక్కన విడిగా ఉండాలి. రెండూ కలిపేస్తే ఎవరిది ఏ మాటో తెలియదు. పేరు దాస్తే సరిపోతుందా? సరిపోదు. ఊళ్లో ఒక్కతే నర్సు ఉన్నప్పుడు, ఆ ఊరి నర్సు చెప్పింది అని రాస్తే పేరు రాసినట్టే. ఎయిడ్స్ అనే మాట బయటపడితే ఆ పిల్లతో బళ్లో ఎవరూ ఆడుకోరు. ఒక్క వాక్యం ఒక బిడ్డ బతుకును ఎట్లా తిప్పుతుందో రాసేటప్పుడు తలచుకోవాలి.

అయిదోది, దీంతో ఏం చెయ్యాలి అన్న భాగం. సోషల్ వర్క్ పత్రిక ఇది తప్పకుండా అడుగుతుంది. ప్రభుత్వం శ్రద్ధ చూపాలి అని రాసి చేతులు దులుపుకుంటే చాలదు. ఏ శాఖ, ఏ కాయితం, ఏ నిబంధన అడ్డం పడుతోందో చెప్పాలి. తండ్రి చావుపత్రం లేక పిల్లకు జనన ధ్రువీకరణ ఆగిందా? ఆ మాటే రాయాలి.

వీటన్నిటికీ ముందు వ్యాసం సారాంశం ఒక పేరాలో ఉండాలి. తీరిక లేనివాళ్లు అదొక్కటే చదువుతారు. పంపే ముందు పత్రిక నియమాలు చూసి పొడవు, వరస సరిచూసుకోవాలి. వ్యాసం లోపల రాసినవాళ్ల పేరు కనపడకుండా చెయ్యాలి. సరిచూసేవాళ్లకు ఎవరు రాశారో తెలియదు, రాసినవాళ్లకు ఎవరు చూశారో తెలియదు. ఇంటిపేరు చూసి మార్కులేసే లోకంలో ఈ కట్టుబాటు విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. ఎవరూ సరిచూడకుండా వారంలో అచ్చేస్తాం, డబ్బు కట్టండి అనే దొంగ పత్రికలు ప్రపంచమంతా ఉన్నాయి. వాటి వల్లో పడొద్దు. తప్పులెత్తి చూపే ఉత్తరం వస్తే కుంగిపోవద్దు. ఒక్కో మాటకూ జవాబు రాసి, దిద్ది మళ్లీ పంపాలి.

ఇప్పుడు అసలు మాట. ఈ పద్ధతులన్నీ పాటించినా అన్యాయం జరగొచ్చు. సాన్ ప్రజల సంగతి వినండి. దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానా ఎడారి ప్రాంతాల ఆదివాసులు వాళ్లు. హూడియా అనే మొక్క ఆకలిదప్పుల్ని అణుస్తుందని తరతరాలుగా వాళ్లకు తెలుసు. 1996లో దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ గుణం మీద పేటెంటు పొందింది. జ్ఞానం ఇచ్చినవాళ్లను అడగలేదు. పోరాడితే 2003లో గాని వాటా ఒప్పందం కుదరలేదు. 2010లో నమీబియాకు చెందిన నలుగురు సాన్ మనుషుల జన్యు వివరాలు ప్రపంచ ప్రసిద్ధ పత్రికలో అచ్చయ్యాయి. మా పెద్దల్ని అడగలేదు, మమ్మల్ని తక్కువచేసే మాటలు వాడారు అని సాన్ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అప్పుడు వాళ్లేం చేశారు? ఏడ్చి ఊరుకోలేదు. కూర్చుని సొంతంగా ఒక నియమావళి రాసుకున్నారు. 2017లో దాన్ని విడుదల చేశారు. ఆఫ్రికాలో ఒక ఆదివాసీ సమాజం తనంతట తాను పరిశోధకులకు షరతులు పెట్టడం అదే మొదలు.

అందులో అయిదు మాటలున్నాయి: గౌరవం, నిజాయితీ, న్యాయం, ఆదరణ, పద్ధతి. మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి, పండిత భాష వద్దన్నారు. పరిశోధన మా అవసరాలకూ పనికిరావాలన్నారు. మాకూ ఏదో ఒక మేలు జరగాలన్నారు. ఈ నియమావళికి కష్టపడిన సాన్ నాయకుడు ఆండ్రీస్ స్టీన్‌కాంప్ పరిశోధకుల్ని అడిగిందొక్కటే. కిటికీలోంచి దూరొద్దు, తలుపు గుండా రండి అని.

దొడ్డిదారిన వచ్చేవాణ్ణి మన భాషలో ఏమంటారో మీకు తెలుసు.

అందుకని వ్యాసం రాసే మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పత్రికకు పంపేముందు ఆ రాతను ఆ వాకిట్లోకే తీసుకుపోండి. చదివి వినిపించండి. నేను అట్లా అనలేదమ్మా అని ముసలమ్మ అంటే కొట్టేసి దిద్దండి. పత్రికలో సరిచూసే ప్రొఫెసర్ల కంటే ముందు సరిచూసే హక్కు ఆమెది. ఊరు తిప్పి చూపించి, మాట మార్చి చెప్పిన కుర్రాడి కష్టాన్ని వ్యాసంలో ఒప్పుకోండి. అచ్చయ్యాక ప్రతి తెచ్చి ఇవ్వండి.

ఇక ఊళ్లో ఉండే మీకు. కాయితాలు పట్టుకుని ఎవరొచ్చినా మర్యాదగా కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. తర్వాత నాలుగు ప్రశ్నలడగండి. ఏం తెలుసుకోడానికి వచ్చావు? ఎవరి డబ్బుతో వచ్చావు? మా పేర్లు ఎట్లా దాస్తావు? రాసింది మాకెప్పుడు చదివి వినిపిస్తావు? సూటిగా జవాబు చెప్పినవాళ్లకు మీకు తెలిసింది చెప్పండి. నీళ్లు నమిలినవాళ్లను చెప్పులు తొడుక్కోమనండి. ఎడారిలో ఉన్న సాన్ ప్రజలు అడగగలిగిన మాట మనం అడగలేమా?