చిక్కని ఎమల్షనులు

కడప జిల్లా తోటలలో చీనీకాయలను బుట్టకెత్తువారికి ఒక సంగతి తెలియును. ఎంత పొందికగా పేర్చినను గుండ్రని కాయల నడుమ సందులు మిగులును. కాయలన్నియు ఒకే పరిమాణము గలవైనను, నూటికి 74 పాళ్ల చోటు కంటె ఎక్కువ నిండదు. అంతకు మించవలెనన్న కాయలు నొక్కుకొని చదును కావలసినదే.

నూనెను సూక్ష్మ బిందువులుగా నీటిలో చెదరగొట్టి, సబ్బు వంటి పదార్థముతో నిలిపిన మిశ్రమమే ఎమల్షన్. పాలలో కొవ్వు కొద్ది. బిందువులు ఎడమెడముగా తేలియాడును. నూనె 74 పాళ్లు మించినచో అది సాంద్ర ఎమల్షన్. అందు బిందువులు తేనెపట్టు గదులవలె కోణములు దేరును. నీరు వాని నడుమ పలుచని పొరయై మిగులును. మిశ్రమము మీగడవలె గట్టిపడును.

నూనెకు బదులు స్టైరీన్ వంటి మోనోమరును వాడి, క్రియను ఆరంభించు ద్రవ్యమును కొంచెము చేర్చి వేడిచేసినచో, చిన్న అణువులు గొలుసులుగా అల్లుకొని పాలిమరు, అనగా ప్లాస్టిక్, ఏర్పడును. 1980 దశకమున అమెరికాలోని బఫెలో నగరమున ఎలై రకెన్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు సహచరులతో ఈ మార్గమును పరిశోధించెను. నీరు తక్కువ గనుక ఆరబెట్టు శ్రమ తగ్గును. అదే పాత్రలో ఎక్కువ సరకు తయారగును.

నీటి కరవెరిగిన మన సీమవారికి ఈ పొదుపు నచ్చవచ్చును. కాని ఆ కొద్ది నీటికి రెండు పనులున్నవి. మొదటిది, బిందువులను విడిగా నిలుపుట. క్రియకు వేడి కావలెను. ఆ వేడికే పొరలు తెగి మోనోమరు పైకి తేలవచ్చును. పొర తెగుటకు ముందే గొలుసు అల్లుకొనవలెను. అందుకై తగిన సబ్బును ఎన్నుకొందురు; మోనోమరును ముందుగానే కొంత పాలిమరుగా మార్చి చిక్కబరచుటయు కలదు.

రెండవది, క్రియలో పుట్టు వేడిని గ్రహించుట. నీరు తగ్గినకొలది ఈ శక్తి తగ్గును. గట్టిపడిన ముద్దను కలియబెట్టుటయు కష్టమే. 2020 మే 7న విశాఖపట్నమున ట్యాంకులో నిలువయున్న స్టైరీన్ తనంతట తానే పాలిమరుగా మారుచు వేడెక్కి ఆవిరి చిమ్మగా 12 మంది మరణించిరి. అది ఎమల్షన్ కాదు. వేడిని పంచుకొను నీరు లేని వట్టి మోనోమరు. సాంద్ర ఎమల్షన్ దానికి ఒక మెట్టు ఇవతల నున్నది.

కర్నూలులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటును. ఇట్టి చోట ఈ పనికి పూనుకొనువారు నీటిని పొదుపు చేయవచ్చును. చల్లదనమును, జాగ్రత్తను మాత్రము పొదుపు చేయరాదు.