పక్షవాతం తర్వాత నిలకడ, నడక
(బాలానగర్‌లో పాల సంఘాల సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మెదక్, నర్సాపూర్ రోడ్డు గ్రామాల నుండి నగరానికి వైద్యం కొరకు వచ్చేవారు ఈ బాలానగర్ చౌరస్తా మీదుగానే వస్తారు. ఇక్కడి కార్ఖానాల కార్మికులకు, పాడి రైతులకు పక్షవాతం తర్వాత వ్యాయామం చేయించే పనిలో మేము ఉన్నాము. మేము చూచిన చాలా ఇళ్లలో రోగిని మంచం మీద పరుండబెట్టి, నూనె మర్దన చేసి, చేతికి రబ్బరు బంతి ఇచ్చి ఊరుకుంటారు. మర్దన హాయిగానే ఉంటుంది, కాదనము. కాని లేచి నిలబడడం లేచి నిలబడితేనే వస్తుంది. దెబ్బ తగిలింది మెదడుకు గాన కాలు ఆడించే విద్యను అది మళ్ళీ నేర్చుకోవలె.

అట్లని తొందర పనికిరాదు. 5 దేశాలలో 2,104 మందిపై జరిపి 2015లో ప్రకటించిన అవర్ట్ పరిశోధనలో, మొదటి 24 గంటలలోనే లేపి ఎక్కువసేపు వ్యాయామం చేయించిన వారు మామూలు వైద్యం పొందినవారికంటె తక్కువగా కోలుకున్నారు. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పవలె.

చెప్పిన తర్వాత మొదటి పాఠం కుర్చీలో నుండి లేవడం. నులక మంచం కుంగుతుంది, దాని మీద నుండి లేవడం కష్టం. గట్టి కుర్చీని గోడకు ఆనించి, ఎత్తు చాలకపోతే పీట మీద మడిచిన గోనెసంచి వేయండి. పాదాలు వెనక్కు, పడిపోయిన వైపు పాదం ఇంకొంచెం వెనక్కు పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడరాదు, మెల్లగా దిగాలి. శక్తిని బట్టి 5 నుండి 10 సార్లు. పొద్దున, సాయంత్రం కేంద్రంలో పాలు పోసి వచ్చిన వెంటనే చేయిస్తే మరపు రాదు. సాయం చేసేవారు పడిపోయిన వైపు, కొంచెం వెనుకగా నిలబడి నడుము పట్టుకోవాలి. చేయి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. ఈ పొరపాటు ప్రేమతోనే జరుగుతుంది, నొప్పి మాత్రం నెలల తరబడి ఉంటుంది.

ఆ తర్వాత గోడ మూలలో, ముందు కుర్చీ ఉంచుకొని నిలబడి, బరువును పడిపోయిన కాలి మీదికి మెల్లగా తేవాలి. చేతికర్ర మంచి చేతిలోనే ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. 10 మీటర్లు నడవడానికి 12 సెకన్లకు మించి పడుతుంటే ఒంటరిగా బజారుకు పంపవద్దు. 2021లో ఇక్కడ ఫ్లైఓవర్ వచ్చినా దాని కింద రోడ్డు దాటవలసినదే కదా!

ఇక పాడి సంగతి. కాలు ఆడగానే రోగి అడిగేది బర్రె దగ్గరకు ఎప్పుడు పోవచ్చునని. గొంతుకు కూర్చుని మోకాళ్ల మధ్య బకెట్టు నిలిపి పితకడమంటే నిలకడకు పెద్ద పరీక్ష. మొదట పశువు లేనిచోట ఎత్తు స్టూలు మీద, తర్వాత తక్కువ ఎత్తు దాని మీద కూర్చుని లేవడం నేర్పండి. పిదప ఖాళీ బకెట్టు పట్టి నాలుగడుగులు వేసి వెనక్కు తిరగాలి, ఆపైన అరబకెట్టు నీళ్లతో. చాలామంది పడేది నేరుగా నడిచేటప్పుడు కాదు, తిరిగేటప్పుడు. పేడ, మూత్రంతో జారే కొట్టంలో ఇది మరీ ప్రమాదం. తన్నే గొడ్డు దగ్గరకు అసలు పంపవద్దు.

ఇంటివారు నేర్చుకుంటే చాలునా? మన దేశంలో 14 ఆసుపత్రులలో 1,250 మందిపై జరిపి 2017లో ప్రకటించిన అటెండ్ పరిశోధనలో, ఇంటివారికి శిక్షణ ఇచ్చి చేయించినందువల్ల మామూలు వైద్యం కంటె అదనపు మేలు కనబడలేదు. ఇంటివారి శ్రమ వృథా అని మేము అనము. రోగి మెరుగైన కొద్దీ వ్యాయామాన్ని మార్చి ఇచ్చే ఫిజియోథెరపిస్టు కూడా ఉండాలని మా అభిప్రాయం. ఈఎస్‌ఐ కార్డున్నవారికి సనత్‌నగర్ ఆసుపత్రి దగ్గర. పంజగుట్టలో నిమ్స్ ఉన్నది. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, రోగి ఇంట్లో వాడే చెప్పులు, చేతికర్ర వెంట తీసుకొని పొండి. వ్యాయామం మధ్యలో మూతి వంకరపోయినా, మాట తడబడినా, కొత్తగా చేయి పడిపోయినా వెంటనే ఆపి 108కి ఫోను చేయండి.